గాజు తలుపు గడపకు పసుపు

ఎదురిల్లు 3101

తలుపు రాలేదు.

అసలు పన్నెండేళ్ళుగా నేను దాన్ని తియ్యలేదు కాబట్టి, రావలసిన అవసరం దానికీ కలగలేదు. ఈ ఉదయం తెర పక్కకు లాగి, పిడి పట్టుకుని గుంజాను. కదల్లేదు. కాళ్ళు తన్నిపెట్టి మళ్ళీ గుంజాను. నడుము పట్టేసింది గానీ తలుపు మాత్రం ఉన్నచోటే ఉంది. గాజుకు అవతల, కాలవకు అటుపక్క, 3101 వాళ్ళు అరుగు మీద కూర్చుని జావ తాగుతూ నా కుస్తీ అంతా చూశారు. చిన్నపిల్ల ఒకతె చెయ్యి ఊపింది. నేనూ ఊపి తెర వేసేశాను.

ఈ ఊళ్ళో ప్రతి ఇంటికీ ఒక ఎదురు పుస్తకం ఉంటుంది. తెల్లవారేసరికి ఎదురుగా ఏ ఇల్లు వచ్చింది, తలుపు తీశామా లేదా, ఎదురింటివాళ్ళు చేవ్రాలు పెట్టారా. ఇంతే రాయాలి. నేను దాన్లో నా సొద కూడా రాస్తుంటాను. నా ఇల్లు లోచుట్టులో 806. మాకెదురుగా వెలిచుట్టు నీళ్ళ మీద మెల్లగా తిరుగుతుంటుంది. ఆ చుట్టులో నాలుగు వేల మూడు వందల ఎనభై ఇళ్ళు, రోజుకొకటి. పొద్దుట మంచులోంచి వచ్చి నిలబడినట్టే ఉంటుంది. నిలబడదు, జరుగుతూనే ఉంటుంది. దీపాలు పెట్టే వేళకు మన అరుగు దాటిపోతుంది. మళ్ళీ ఆ ఇంటి ముఖం చూడాలంటే పన్నెండేళ్ళు ఆగాలి.

పన్నెండేళ్ళుగా నా పుస్తకంలో ఒకటే మాట: తలుపు తియ్యలేదు. ఈ రోజు మొదటిసారి మాట మారింది: తలుపు రాలేదు.

ఇంకా పద్దెనిమిది రోజులుంది. 3119లో మా చెల్లెలు వరాలు ఉంటుంది.


ఎదురిల్లు 3102

అమ్మ పోయాక వరాలును పెంచింది నేనే. ఇరవై నాలుగేళ్ళ కింద 3119 మా ఎదురుగా వచ్చిన రోజు చేపల పులుసు వండాను. ఎదురింటికి కూర పంపడం ఆనవాయితీ. అంచు మీద అమ్మ పేరు కొట్టించిన స్టీలు గిన్నెలో పులుసు పోసి వరాలు చేతికిచ్చాను. రెండు అరుగుల మధ్య బల్ల వేసుకుని, “ఇచ్చేసి ఇప్పుడే వస్తా అన్నయ్యా” అని వెళ్ళింది.

రెండు కంచాలు పెట్టుకుని కూర్చున్నాను. మధ్యాహ్నం దాటింది, సాయంత్రమైంది. బల్ల చివర మా అరుగు మీంచి జారి నీళ్ళలో పడిన చప్పుడుకు లేచి చూస్తే, వరాలు ఆ ఇంటి అరుగు మీద నిలబడి ఉంది. పక్కన ఆ ఇంటి అబ్బాయి దివాకర్. ఏదో అరిచింది. గాలికి వినబడలేదు. రెండు చుట్ల నడిమి కాలవలో పడవ వెయ్యకూడదు. కింద మరలు తిరుగుతుంటాయి, ఊరికి దీపాలు వాటివల్లే. ఇంకో ఇంటి అరుగు మీదుగా తిరిగి రాకూడదన్నది ఊరి కట్టుబాటు. కాబట్టి వెళ్ళినవాళ్ళు వెళ్ళినట్టే.

తర్వాత ఆ దివాకర్‌నే పెళ్ళి చేసుకున్నందుకు కాదు నా కోపం. చెప్పి వెళ్ళొచ్చు కదా! అడిగితే వద్దనేవాణ్ణా? ఏమో, అనేవాణ్ణేమో. చేతులు మారి వచ్చిన ఉత్తరాలన్నీ చదవకుండానే తిప్పి పంపాను.

పన్నెండేళ్ళ కింద 3119 మళ్ళీ వచ్చింది. నేను తెర వేసుకుని, వెనక కూర్చుని నాచు అప్పడాలు వత్తాను. వరాలు బల్ల వేసుకుని మా అరుగు మీదికొచ్చింది. తలుపు కొట్టింది. పదకొండుసార్లు. లెక్కపెట్టాను. తెర అంచుకూ నేలకూ మధ్య బెత్తెడు సందులోంచి దాని కాళ్ళు కనిపిస్తూనే ఉన్నాయి. పక్కన ఇంకో చిన్న కాళ్ళ జత. ఒకసారి వంగి, గాజులోంచి గడపకేసి చాలాసేపు చూసింది. తర్వాత కాళ్ళు వెళ్ళిపోయాయి.

ఆ రోజు నేను చేసింది తప్పు. ఈ మాట ఎక్కడా రాయలేదు, ఇక్కడ రాస్తున్నాను. నాకిప్పుడు అరవై రెండు. ఇంకో చుట్టు తిరిగేసరికి డెబ్భై నాలుగు. ఉంటానో లేదో తెలీదు. ఉన్నా, తలుపు గుంజే నడుముండదు.


ఎదురిల్లు 3104

పిడి ఊడి చేతికొచ్చింది.

ఈ ఊళ్ళో ఏది కిర్రుమన్నా, మొరాయించినా నూనె పోస్తారు. నేనూ గిన్నెడు నువ్వులనూనె వేడి చేసి గడప పొడుగునా పోశాను. ఇల్లంతా పండగ వాసన. తలుపు ఇసుమంత కూడా జరగలేదు. నూనె మీద కాలు జారి నేను మాత్రం మూడడుగులు చక్కగా జరిగాను.

తలుపులు బాగుచేసే వీరవేణికి సందులో పడవవాళ్ళతో కబురు పంపాను. వస్తానందట, ఎప్పుడో చెప్పలేదట.


ఎదురిల్లు 3107

వీరవేణి వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. ఇల్లంటూ లేదు, తన పుట్టి పడవలోనే కాపురం, పాత తలుపు చట్రాల మధ్య పడక. లోపలికొస్తూనే పాత్రలు, మంచం, అప్పడాల గుడ్డలు అన్నీ కళ్ళతో కొలిచి, గడప దగ్గర చతికిలబడింది.

“బాబాయ్, ఈ ట్రాక్‌లో ఉన్నదేంటి?”

“ఏముంటుంది, ఉప్పు.”

గోటితో గీకి వాసన చూసింది. “పచ్చటి ఉప్పా?”

“పసుపు. శుక్రవారం శుక్రవారం గడపకు రాస్తాను.”

“గడపేంటి బాబాయ్! ఇది ట్రాకు. కింద చక్రాలు తిరిగే దారి. ఎన్నాళ్ళబట్టి రాస్తున్నారు?”

“ఇరవై నాలుగేళ్ళు.”

ఆమె నవ్వడం మొదలుపెట్టింది. మొదట మర్యాదగానే నవ్వింది. తర్వాత కడుపు పట్టుకుంది, తర్వాత కళ్ళు తుడుచుకుంది. “చాన్నాళ్ళైంది బాబాయ్ ఇలా నవ్వి. పసుపు, పైన నూనె, ఆ పైన ఉప్పుగాలి. సిమెంటండీ బాబూ ఇది! తలుపు ఎత్తి తీసేద్దామంటే, చక్రాలు పైకి లేపే మరమేకులు కూడా దీన్లోనే కూరుకుపోయాయి. ఎవరు చెప్పారండీ మీకు?”

ఎవరూ చెప్పలేదు. అమ్మ రాసేది, చిటికెడు. అమ్మ తర్వాత వరాలు రాసేది, వేలితో ఒక సన్నటి గీత. వరాలు వెళ్ళిపోయిన వారం, గడప బోసిగా ఉంటే చూడలేక నేను మొదలుపెట్టాను. ఈ ఇంటికి ఏ లోటూ రాలేదని చూపించాలి కదా. ఎవరికి చూపించాలో నాకే తెలీదు. నేను గరిటెతో వేశాను.

ఇదంతా వీరవేణికి చెప్పలేదు. కానీ ఆమె నవ్వు ఆపింది.

“గాజు పగలగొట్టేద్దామా?” అన్నాను.

“పగలగొడితే మళ్ళీ గాజెక్కడిది? వర్షాకాలం గాలి ఇల్లంతా ఊడ్చుకుపోద్ది. గీకాలి బాబాయ్. ఇనప ముక్క పెట్టకండి, ట్రాకు గీరుకుపోద్ది. చెక్కపుల్లతో గీకండి. వెనిగర్ వేడి చేసి పొయ్యండి, కాసేపు నానితే కరుగుద్ది. మరమేకులు బయటపడ్డాక కబురెట్టండి. ఈలోగా చక్రాలు ఎక్కడైనా దొరుకుతాయేమో చూస్తా.” పుట్టి ఎక్కుతూ వెనక్కి తిరిగింది. “నూనె మాత్రం మళ్ళీ ముట్టుకోకండి. చంపేస్తాను.”


ఎదురిల్లు 3110

గీకుతున్నాను. పొద్దున్నే మొదలుపెడితే, ఎండ నీళ్ళ మీంచి పైకప్పు మీద పడి ఆడే వేళకు రెండు వేళ్ళ మేర అవుతోంది.

పసుపు పొరలుపొరలుగా లేస్తోంది. ఒక్కో పొర ఒక్కో రంగు. తెల్లగా పాలిపోయినవి తోటతెప్పలు మునిగిపోయి పసుపు దొరకని ఏళ్ళవి. అప్పుడు పిండి కలిపేవాణ్ణి. ముదురు ఎరుపుది పక్కింటి బులెబ్బాయి కుంకుమ పొట్లాన్ని పసుపు అనుకుని ఇచ్చిన వారంది. ఒకచోట నా వేలిముద్ర గట్టిపడి ఉంది. నలభై ఏళ్ళప్పటి వేలు. దాన్ని గీకబుద్ధి కాలేదు. కాసేపు చూసి గీకాను.

పని చేస్తుంటే పగలే కల వచ్చినట్టుంటుంది. నేల మీద చెంప ఆనించి పడుకుంటే, కింద మరల హోరు, ఇంకా కింద నీళ్ళలో మునిగిన ఒకప్పటి ఊళ్ళ నిశ్శబ్దం. గాజు అవతల ఎదురిల్లు జరుగుతోందో, నేను జరుగుతున్నానో చెప్పలేం. చిన్నప్పుడు వరాలు ఇలాగే పడుకుని అడిగేది: “అన్నయ్యా, మనం కదలకుండా ఉన్నామని ఎలా తెలుస్తుంది?” వెటకారంగా ఏదో అనేవాణ్ణి. ఇప్పుడు అడిగితే తెలీదంటాను.


ఎదురిల్లు 3114

వెలుతురు కోసం తెర పక్కకు లాగిపెట్టి గీకుతున్నాను. దాంతో ఎదురిళ్ళు నన్ను చూస్తున్నాయి, నేను వాళ్ళను చూస్తున్నాను. 3112లో దంపతులు రోజంతా పోట్లాడుకున్నారు. సాయంత్రం ఇద్దరూ కలిసి నాకు దణ్ణం పెట్టారు. 3113లో ఒక ముసలావిడ నా గీకుడు చూడలేక తన గడప ముందు కూర్చుని, పుల్ల ఎలా పట్టుకోవాలో చేత్తో చూపించింది. ఆవిడ చూపించినట్టే పట్టుకుంటే నిజంగానే తేలికైంది. ఇన్నేళ్ళూ తెర వెనక కూర్చుని ఎంతమందిని పోగొట్టుకున్నాను!

మొదటి మరమేకు తల కనిపించింది. ఆవగింజంత మెరుపు. వీరవేణికి కబురు పంపాను.


ఎదురిల్లు 3117

వీరవేణి చక్రాలతో వచ్చింది. ఎక్కడో మునిగిన ఇంటి తలుపువట, తెల్లటి నైలానువి. ఆమె మరమేకులు తిప్పింది. తలుపు ఒక్క నిట్టూర్పు విడిచి కిందికి దిగింది.

“ఇప్పుడు పైకెత్తి, కింది అంచు మీ వైపు లాగండి. ఓ… ఎత్తండి బాబాయ్, మొహమాటపడతారేంటి!”

ఎత్తాం. తలుపు చట్రంలోంచి బయటికొచ్చేసింది. పన్నెండేళ్ళ తర్వాత కాలవ గాలి ఇంట్లోకి వచ్చింది. అప్పడాల గుడ్డలన్నీ లేచాయి. నాకు కళ్ళు చెమర్చాయి, వెనిగర్ వల్ల అని చెప్పాను. వీరవేణి నమ్మినట్టే తలాడించింది.

పాత చక్రాలు రెండు పసుపు ఉండలు. వాటిని తీసి కొత్తవి బిగించింది. ట్రాక్ వంగినచోట చెక్క అడ్డం పెట్టి సుత్తితో సరిచేసింది. నూనెకు బదులు మైనం రుద్దింది. తలుపు మళ్ళీ ఎక్కించి, మరమేకులు అటూ ఇటూ తిప్పి మట్టం చూసి, “తొయ్యండి” అంది.

ఒక వేలితో తోశాను. వెళ్ళిపోయింది.


ఎదురిల్లు 3118

తలుపు తీశాను. వాళ్ళు చేవ్రాలు పెట్టారు. పన్నెండేళ్ళలో ఇదే మొదటిది. ఆ ఇంటి పెద్దాయన నా పుస్తకం వెనక్కి తిప్పి చూసి, “చాలా పేజీల్లో చేవ్రాలు చోటు ఖాళీగా ఉందే” అన్నాడు. “తలుపు పాడైందండి” అన్నాను. అబద్ధమేం కాదు.

రేపటికి చేపలు తెచ్చాను. మంచం కింద నుంచి బల్ల తీసి కడిగాను.


ఎదురిల్లు 3119

మంచు విడేసరికి వచ్చి నిలబడింది. నేను అప్పటికే తలుపు బార్లా తీసి అరుగు మీద ఉన్నాను. తలుపు ఎలా జరుగుతుందో చూస్తానని వీరవేణి కూడా వచ్చింది.

గాజు వెనక వరాలు. జుట్టు సగం నెరిసింది. నిలబడటం మాత్రం అచ్చం అమ్మే. నన్ను చూస్తోంది. తలుపు తియ్యలేదు.

కొంచెంసేపు చూశాను. ఇంకా కొంచెంసేపు చూశాను. తీయదు. సరే, నేను చేసిందే నాకు తిరిగొచ్చింది, పదకొండుసార్లు తలుపు కొట్టించినవాడికి ఈ మాత్రం న్యాయమే అనుకున్నాను.

“బాబాయ్,” అంది వీరవేణి. “ఆవిడ గుంజుతోందండి.”

నిజమే. వరాలు రెండు చేతులతో పిడి పట్టుకుని వెనక్కి వాలుతోంది. దాని వెనక ఒక పొడుగాటి అమ్మాయి దాని నడుము పట్టుకుని లాగుతోంది. తలుపు కదలడం లేదు. నా చూపు కిందికి వెళ్ళింది. గాజు అడుగున, ఈ చివర నుంచి ఆ చివరకు, పచ్చగా దళసరి గీత.

“అయ్యో!” అంది వీరవేణి. “మీ ఇంట్లో అందరూ ఇంతేనా?”

బల్ల వేశాను. చెక్కపుల్లలు, వెనిగర్ కెటిల్ తీసుకున్నాను. చేవ్రాలు కావాలి కదా అని ఎదురు పుస్తకం జేబులో పెట్టుకున్నాను. “పొయ్యి మీద పులుసు చూస్తుండమ్మాయ్. ఇప్పుడే వస్తా” అన్నాను.

ఆ గాజు దళసరిది, మాట దాటదు. పుల్ల చూపించాను, గీకి చూపించాను. వరాలుకు అర్థమైంది. గరిటె తెచ్చింది. కాదని తల ఊపాను. చెక్క అట్లకాడ తెచ్చింది. కెటిల్ చూపించాను. అది లోపల వెనిగర్ కాచి పోసింది, నేను బయట పోశాను. అది లోపలివైపు, నేను బయటివైపు, ఒకే ట్రాక్ మీద మోకాళ్ళ మీద కూర్చుని గీకాం. మధ్యలో గాజు. దాని ముఖం నాకు జానెడు దూరంలో ఉంది. ఎప్పుడైనా ఒకేసారి తలెత్తితే ఇద్దరం తలలు దించేసుకున్నాం. తర్వాత దించుకోవడం మానేశాం.

మధ్యాహ్నం దాటింది. దానివి పన్నెండేళ్ళ పొరలే. నావంత మందం లేవు. ఎండ పసుపు రంగుకు తిరిగింది. రెండు మరమేకుల తలలూ బయటపడ్డాయి. తిప్పడం ఎలాగో చేత్తో చూపించాను. ఒకటి తిరిగింది. రెండోది తుప్పు పట్టి సగంలో ఆగింది. తలుపు ఎత్తడానికి లేదు. “తొయ్యి” అని సైగ చేశాను. లోపల తల్లీకూతుళ్ళు, బయట నేను. కిర్రుమని జానెడు జరిగింది. అక్కడ ఆగిపోయింది.

జానెడు సందులోంచి మొదట తాలింపు వాసన వచ్చింది. తర్వాత వరాలు గొంతు.

“అన్నయ్యా.”

నా నోట వచ్చిన మొదటి మాట చూడండి: “నూనె కూడా పోశావా?”

“గిన్నెడు పోశాను,” అంది. ఏడుస్తోంది, నవ్వుతోంది. “నెల్లాళ్ళ నుంచి గుంజుతున్నాం.”

“పసుపు ఎవరు రాయమన్నారే?”

“నువ్వే. పోయినసారి నువ్వు తలుపు తియ్యలేదు. వంగి చూస్తే మీ గడపకు పచ్చగా పసుపుంది, తడి కూడా ఆరలేదు. అన్నయ్య కోపం గడపదాకా రాలేదనుకున్నాను. ఇంటికెళ్ళి నేనూ మొదలుపెట్టాను.”

లోపలికెళ్ళి ఏదో తెచ్చింది. జానెడు సందులోంచి మనిషి పట్టదు. గిన్నె పట్టింది. స్టీలు గిన్నె, అంచు మీద అమ్మ పేరు. దాన్లో చేపల పులుసు.

“ఇచ్చేసి వస్తానన్నాను కదా,” అంది. “ఆ రోజు దివాకర్ వాళ్ళమ్మకు ఫిట్స్ వచ్చాయన్నయ్యా. చేతులు పట్టుకుని కూర్చున్నాను. లేచి చూసేసరికి బల్ల లేదు.”

వెనక నుంచి వీరవేణి కేక: “బాబాయ్! వచ్చెయ్యండి! బల్ల చివరికొచ్చేసింది!”

తిరిగి చూశాను. మా ఇల్లు దీపం పెట్టుకుని పక్కకు జరుగుతోంది. బల్ల మా అరుగు మీద నాలుగు వేళ్ళ మేర ఉంది. ఒక్క పరుగు తీస్తే అందుతుంది. చేతిలో గిన్నె ఉంది. ట్రాక్‌లో ఇంకా అడుగున్నర గీకాలి, తుప్పుపట్టిన మరమేకు ఒకటి అలాగే ఉంది. వర్షాకాలం వస్తోంది. జానెడు తెరుచుకుని ఆగిపోయిన తలుపును అలా వదిలేసి ఎలా వెళ్తాం?

ఇరవై నాలుగేళ్ళూ వరాలు నన్ను వదిలి వెళ్ళాలని వెళ్ళిందనుకున్నాను. బల్ల జారేటప్పుడు మనిషి ఏమీ నిర్ణయించుకోడు. చేతిలో పని ఉంటుంది, అంతే.

బల్ల నీళ్ళలో పడింది.

“వీరవేణీ! ఇల్లు చూసుకో! మంచం మీద పడుకో!” అని అరిచాను. ఆమె ఏదో అంది, వినబడలేదు. “గడపకు మాత్రం పసుపు రాయకు!”

అది వినబడిందనుకుంటాను. పుల్ల పైకెత్తి చూపించింది.


ఎదురిల్లు 805

మధ్యాహ్నానికి తలుపు చట్రంలోంచి పూర్తిగా వచ్చింది. ఇక్కడ నైలాను చక్రాలు లేవు. దివాకర్ పాతవాటినే ఉడకబెట్టి శుభ్రం చేస్తున్నాడు. మేనకోడలు నన్ను మావయ్యా అని పిలిచింది. ఎందుకు పిలిచిందో మర్చిపోయి, ఇంకోసారి పిలిచింది.

ఎదురుగా మా పక్కిల్లు. నలభై ఏళ్ళుగా సందువైపు నుంచే చూసిన ఇల్లు. బులెబ్బాయి అరుగు మీదికొచ్చి, నన్ను చూసి, చేతిలో చెంబు వదిలేశాడు. “ఒరే పేర్రాజూ, అటెలా వెళ్ళావురా?”

“తలుపు బాగుచేద్దామని వచ్చాన్రా.”

“ఎప్పుడొస్తావు?”

వరాలు నాకేసి చూసింది. పుస్తకం తీసి నిన్నటి పేజీలో, 3119 అని ఉన్నచోట, దాని చేత చేవ్రాలు పెట్టించాను. వేలికి పసుపు ఉండటంతో పేజీకి కూడా అంటింది.

ఈ రోజు శుక్రవారం. సాయంత్రం వరాలు అలవాటు కొద్దీ పసుపు డబ్బా తెచ్చి గడప ముందు కూర్చుంది. చెయ్యి పట్టుకుని, ట్రాక్‌కు బెత్తెడు ఇవతల, చెక్క మీద పెట్టించాను. చిన్నప్పటిలాగే గీసింది, వేలితో సన్నటి గీత.

తలుపు తీశాం.